ఇష్టపడి కత్తి పట్టిన అమ్మాయిలు

ఈ వారం ఒక చిన్న ఆటతో మొదలుపెడదాం. మీరు చూసిన సినిమాల్లో, సిరీసుల్లో, చదివిన కథల్లో యుద్ధం చేసిన అమ్మాయిలను ఓ ఐదుగురిని గుర్తు తెచ్చుకోండి. ఇప్పుడు ఒక్కొక్కరి పేరు పక్కన ఒకే ఒక్క మాట రాయండి. ఆమె యుద్ధానికి ఎందుకు వెళ్లింది?

నేను రాసుకున్న లిస్టు ఇలా వచ్చింది. నాన్నను చంపారు. రాజ్యం పోయింది. చెల్లెల్ని కాపాడుకోవాలి. ఊరికి అన్యాయం జరిగింది. మీ లిస్టు కూడా దాదాపు ఇలాగే ఉంటుందని నా పందెం.

"నాకు ఈ పని ఇష్టం, అందుకే వెళ్లాను" అన్న అమ్మాయి మీ లిస్టులో ఉందా? అబ్బాయిల లిస్టు రాస్తే అలాంటోళ్లు బోలెడు మంది దొరుకుతారు. అమ్మాయిల్లో ఎందుకు దొరకరు? ఈ వారం కాలమ్ మొత్తం ఈ ప్రశ్న మీదే.

ఒకే చేతి నుంచి ఇద్దరు

ఫాంటసీ, మిలిటరీ సైన్స్ ఫిక్షన్ రెండూ చదివేవాళ్లకు ఎలిజబెత్ మూన్ పేరు తెలిసే ఉంటుంది. అమెరికా రచయిత్రి. 1945లో పుట్టింది. హిస్టరీ చదువుకుని, 1968లో అక్కడి మెరైన్ దళంలో చేరింది. అక్కడ ఆమె చేసిన పని కంప్యూటర్ల మీద. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఈ ముక్క తెలిసినప్పుడు భలే సంతోషం వేసింది.

ఆమె రాసిన రెండు సిరీసుల్లో ఇద్దరు హీరోయిన్లు ఉన్నారు. ఒకామె పాక్సెనారియన్, ముద్దుగా పాక్స్. 1988లో వచ్చిన 'షీప్‌ఫార్మర్స్ డాటర్'తో మొదలయ్యే మూడు పుస్తకాల ఫాంటసీ ఆమెది. కత్తులు, డాలులు, ఎల్ఫులు, మంత్రాలు ఉంటాయి. రెండో ఆమె కైలారా వట్టా, అందరూ కై అంటారు. 2003లో వచ్చిన 'ట్రేడింగ్ ఇన్ డేంజర్'తో మొదలై 2008 దాకా ఐదు పుస్తకాలు నడిచిన కథ. ఇందులో అంతరిక్ష నౌకలు, సరుకు రవాణా, స్పేస్‌లో దోపిడీ ముఠాలు.

పైపైన చూస్తే ఈ ఇద్దరికీ పోలికే లేదు. పాక్స్ గొర్రెల కాపరి కూతురు. పందులు పెంచే వాళ్ల అబ్బాయికిచ్చి పెళ్లి చేస్తానని తండ్రి పట్టుబడితే, ఇంట్లోంచి పారిపోయి కిరాయి సైన్యంలో సిపాయిగా చేరుతుంది. కై కోటీశ్వరుల పిల్ల. గ్రహాల మధ్య వ్యాపారం చేసే కుటుంబం ఆమెది. ఇంట్లో కూర్చుని తిన్నా తరగని ఆస్తి ఉన్నా, ఏరి కోరి మిలిటరీ అకాడమీలో చేరుతుంది.

చూశారా? పేదింటి పిల్లకూ, పెద్దింటి పిల్లకూ కోరిక ఒకటే. సైనికురాలు కావాలి. పాక్స్ తండ్రిని ఎవరూ చంపలేదు. కై కుటుంబం మీద దాడి జరుగుతుంది, కానీ అది రెండో పుస్తకంలో. అప్పటికే ఆమె అకాడమీ గడప తొక్కి, అక్కణ్నుంచి బయటపడి, ఒక ఓడకు కెప్టెన్ కూడా అయింది. పగ వీళ్ల కథల్లోకి తర్వాత వస్తే రావచ్చు. మొదలు మాత్రం ఇష్టమే.

పని నేర్చుకునే హీరోయిన్లు

ఇష్టంతో వెళ్లిన అమ్మాయి కథలో ఒక మంచి లాభం ఉంది. రచయిత ఆమెకు పని నేర్పించక తప్పదు. పగతో వెళ్లిన హీరోయిన్ అయితే ఒక పాటలో ట్రైనింగ్ అయిపోతుంది. వర్షంలో నాలుగు కత్తి తిప్పుళ్లు, అంతే.

పాక్స్ కథ అలా కాదు. వంట పని, కాపలా, మరుగుదొడ్ల కోసం గోతులు తవ్వడం, వరసలో నడవడం, మళ్లీ నడవడం. మొదటి పుస్తకమంతా ఆమె మామూలు సిపాయే. పేజీలకు పేజీలు సైన్యంలో రోజువారీ చాకిరీ. బోర్ కొట్టాలి కదా, కొట్టదు. ఎందుకంటే ఆమెకు ఆ పని అంటే ప్రాణం.

కై సంగతి ఇంకా సరదా. జూనియర్ ఒకడికి సాయం చేయబోయి ఇరుక్కుని అకాడమీ వదిలేయాల్సి వస్తుంది. ఇంట్లో వాళ్లు ఆమెను ఒక డొక్కు ఓడకు కెప్టెన్‌ను చేసి, దాన్ని తుక్కుకు అమ్మేసి రమ్మంటారు. దారిలో ఆమెకో ఆలోచన వస్తుంది. ఒక గ్రహానికి వ్యవసాయ యంత్రాలు కావాలి, అవి తెచ్చిస్తే వచ్చే డబ్బుతో ఓడను బాగు చేయించుకోవచ్చు. స్పేస్ సిరీస్‌లో మొదటి సాహసం ఏంటయ్యా అంటే ట్రాక్టర్ల లాంటి వాటి బేరం! మా ఏటూరునాగారం బస్టాండు దగ్గర ఎరువుల షాపు నడిపే పెద్దమనిషికి ఈ కథ చెప్తే పూర్తిగా అర్థమవుతుంది.

ఈ దారిలో అందరికంటే పేరున్న హీరోయిన్ ఆనర్ హారింగ్టన్. డేవిడ్ వెబర్ రాసిన 'ఆన్ బాసిలిస్క్ స్టేషన్' 1993లో వచ్చింది. సి.ఎస్. ఫారెస్టర్ రాసిన పాత నౌకాదళ కథల్లోని హొరేషియో హార్న్‌బ్లోయర్ అనే కెప్టెన్‌ను మనసులో పెట్టుకుని వెబర్ ఈమెను తయారు చేశాడు. ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు కూడా ఒకటే. మొదటి పుస్తకంలో ఆనర్‌ను ఎవరికీ అక్కర్లేని ఒక మూలకు పోస్టింగ్ వేస్తారు. మన భాషలో చెప్పాలంటే పనిష్మెంట్ ట్రాన్స్‌ఫర్. అక్కడ ఆమె పని ఏంటంటే కస్టమ్స్ తనిఖీ. వచ్చే పోయే ఓడల్లో సరుకు చూడటం. అంతకుముందు ఎవడూ పట్టించుకోని ఆ పనిని ఈమె రూల్ ప్రకారం చేస్తుంది. దాంతో మొదట దొంగ సరుకు బయటపడుతుంది. ఆ తీగ లాగితే శత్రు దేశం కుట్ర డొంకంతా కదులుతుంది.

నాకు ఆనర్ నచ్చింది అక్కడే. చివర్లో యుద్ధం ఉంది, భయంకరంగా ఉంది, ఆమె సిబ్బందిలో చాలామంది పోతారు. కానీ ఆ యుద్ధం వచ్చింది ఒక అమ్మాయి తన డ్యూటీ తాను సరిగ్గా చేసినందుకు.

మన అడవిలో, మన కోటలో

ఇదంతా చదివి "మనకు ఇలాంటోళ్లు లేరు" అనుకుంటే తప్పే. యుద్ధం చేసిన ఆడవాళ్లకు మా వైపు లోటే లేదు. ఏటూరునాగారం నుంచి తాడ్వాయి మీదుగా వెళ్తే మేడారం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి సమ్మక్క సారలమ్మ జాతర. గోవిందరాజును తీసుకొచ్చే కొండాయి మా మండలంలోనే ఉంది.

కథ మీకు తెలిసిందే. నోటి మాటగా వచ్చింది కాబట్టి ఒక్కో చోట ఒక్కోలా చెప్తారు. ఎక్కువగా వినిపించేది ఇది. కరువు కాలం. కోయ రాజ్యం కప్పం కట్టలేకపోయింది. కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం మీద పడింది. పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు నేలకొరిగారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకితే అది జంపన్న వాగయింది. అప్పుడు సమ్మక్క బయలుదేరింది. ఎదురుగా నిలిచి గెలవలేక వెనక నుంచి బల్లెంతో పొడిచారు. ఆమె చిలుకలగుట్ట వైపు నడిచి కనబడకుండా పోయింది. వెతికినవాళ్లకు దొరికింది కుంకుమ భరిణె. ఇప్పటికీ గద్దె మీదికి వచ్చేది ఆ భరిణె రూపంలోనే. విగ్రహం లేదు.

కప్పం కోసం వచ్చిన రాజు సైన్యంతో పోరాడిన ఆ తల్లి గుట్ట దిగేటప్పుడు, ఇవ్వాళ జిల్లా ఎస్పీ గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం చెప్తారు. ఆ శబ్దం విన్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు అవతలి పక్క చూడండి. ఆ ప్రతాపరుద్రుడు ఎవరు? రుద్రమదేవి మనవడు. ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. కోటలో రుద్రమ, అడవిలో సమ్మక్క. మన నేల మీద యుద్ధం చేసిన ఇద్దరు పెద్ద ఆడవాళ్లు ఇలా ఒకే కథకు రెండు వైపుల నిలబడ్డారు.

రుద్రమను నేను ఆనర్ పక్కన పెడతాను. ఇద్దరిదీ పదవి, సైన్యం, పరిపాలన ఉన్న కథ. ఆనర్ సిరీస్‌లో గ్రేసన్ అని ఒక గ్రహం ఉంటుంది. అక్కడ ఆడవాళ్లకు ఏ అధికారమూ లేదు. ఆనర్ చేసిన మేలుకు ఆ గ్రహం ఆమెను ఒక ప్రాంతానికి పాలకురాలిని చేస్తుంది. అలాంటి కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. రుద్రమ కూడా అలాంటి చోటే కూర్చుంది, అదీ 13వ శతాబ్దంలో. తేడా ఒక్కటి. ఆనర్ తన పేరుతోనే ఆ కుర్చీ ఎక్కింది. శాసనాల్లో మన రుద్రమ పేరు 'రుద్రదేవ మహారాజు'. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆమె చనిపోయిన సంగతి, సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయిన సంగతి చెప్తుంది. ఆ వయసులో కూడా యుద్ధరంగంలోనే ఉందని చరిత్రకారులు అంటారు.

మళ్లీ మన ఆటకు వద్దాం. ఎందుకు వెళ్లారు? సమ్మక్కది తప్పనిసరి. కరువులో కప్పం అడిగినవాడు తెచ్చిన యుద్ధం అది. ఆ కథలో ఆమె ఇష్టాన్ని వెతకడం అబద్ధమే అవుతుంది. ఇంటికొచ్చిన యుద్ధానికి జవాబుదారీ ఎవరో ఆ కథ స్పష్టంగా చెప్తుంది, దాని బలం అదే. రుద్రమకు సింహాసనం ఇచ్చింది తండ్రి గణపతిదేవుడు, కొడుకులు లేరు కాబట్టి. ఆమెకు అది ఇష్టమా కాదా అని రాసిపెట్టిన శాసనం లేదు. శాసనాలు అలాంటివి అడగవు.

చరిత్రనూ, దేవతనూ మార్చమని నేను అనడం లేదు. నా గొడవంతా ఇప్పుడు మనం కొత్తగా కల్పిస్తున్న కథలతోనే.

తెర మీద మన పిల్లలు

2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగంలో అవంతిక గుర్తుందా? కత్తి తిప్పుతుంది, అడవిలో దళంతో తిరుగుతుంది, దేవసేనను విడిపించే పని తన వంతుకు తెచ్చుకుంటుంది. అంతలో హీరో వచ్చి ఆమె జుట్టు విప్పి, బట్టలు మార్చి, పెదాలకు రంగు అద్ది "నువ్విది" అన్నట్టు చూపిస్తాడు. ఆ తర్వాత ఆమె పని హీరో చేసుకొస్తాడు. రెండో భాగంలో దేవసేన నయం. బాణం పట్టడం ఆమెకు సరదా, ఒకేసారి మూడు బాణాలు వేయడం నేర్చుకోవాలన్న తపన ఉంటుంది. ఆ కాసేపు తెర మీద నిజంగా పాక్స్ చెల్లెలు కనిపించింది. తర్వాత కథ ఆమెను పాతికేళ్లు గొలుసులతో కట్టేసింది.

2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' మన దగ్గర వచ్చిన పెద్ద సైన్స్ ఫిక్షన్. అందులో ముఖ్యమైన ఆడ పాత్ర సుమతి, కడుపులో బిడ్డను మోస్తూ ఉంటుంది. ఆమె కోసం మగవాళ్లు కొట్టుకుంటారు. కైరా అని ఒక అమ్మాయి ధైర్యంగా పోరాడుతుంది, కానీ సుమతిని గమ్యం చేర్చే దారిలోనే ప్రాణం పోతుంది.

నాకు ఈ సినిమాలంటే ఇష్టమే, థియేటర్‌లో ఈలలు వేసినవాణ్నే. అయినా లెక్క లెక్కే. మన కథ ఒక అమ్మాయికి కత్తి ఇవ్వాలంటే ముందు ఆమె ఇల్లు తగలబెట్టాలి. లేదంటే ఆమె కత్తిని కాసేపు చూపించి తిరిగి తీసుకోవాలి.

"నాకేం కష్టం లేదు మామా"

ఇదంతా ఖాళీగా ఉండి చేసే ఫ్యాన్ చర్చ అనుకోకండి. మా అక్క బిడ్డ ఇంటర్ సెకండియర్. ఎంపీసీ. నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాస్తానంటోంది. ఆ అకాడమీ పరీక్ష అమ్మాయిలు కూడా రాయొచ్చని సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది 2021 ఆగస్టులో. 2022లో మొదటి బ్యాచ్ చేరింది. 2025 మేలో 17 మంది అమ్మాయిలు మూడేళ్ల ట్రైనింగ్ పూర్తి చేసుకుని బయటికొచ్చారు. పేపర్లో ఆ ఫొటో చూసినప్పటి నుంచీ ఈ పిల్లకు అదే ధ్యాస.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. మా బావ మంచోడే, కూతుర్ని చదివించాలనే అంటాడు. "ఏం తక్కువైందని పోతవు బిడ్డా? అన్నం లేకనా?" అని అడుగుతున్నాడు. అక్క నాకు ఫోన్ చేసి "తమ్మీ, నువ్వన్నా చెప్పు, ఇంజనీరింగ్‌లో చేరుమను" అంది. నేను పిల్లతో మాట్లాడాను. అది ఒక్కటే మాట అంది.

"నాకేం కష్టం లేదు మామా. నాకు ఇష్టం. ఇష్టమంటే ఎవరికీ అర్థమైతలేదు."

నిజమే, ఎలా అర్థమవుతుంది? మా బావకు తెలిసిన కథలన్నిట్లో ఆడపిల్ల ఆయుధం పట్టిందంటే ఇంట్లో ఏదో ఘోరం జరిగినట్టే. ఇంకో సంగతి కూడా ఉంది. మా వైపు యూనిఫాం, తుపాకీ అన్నవి సినిమా వస్తువులు కావు. ఈ అడవి రెండు వైపుల తుపాకులనూ చూసింది. ఎటు పోయిన పిల్లలైనా కొందరు శవాలుగా తిరిగొచ్చారు. కాబట్టి ఆయన భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ "అన్నం లేకనా" అన్న ప్రశ్నకు ఆ పిల్ల దగ్గర జవాబు లేకపోవడానికి కారణం, అలాంటి జవాబు చెప్పిన అమ్మాయి కథ మన ఇళ్లల్లో ఎవరూ వినకపోవడమే. అదే వాళ్ల అన్న "మిలిటరీకి పోతా" అంటే భయపడతారు, ఏడుస్తారు, కానీ "ఎందుకు" అని అడగరు.

ఇష్టానికి కట్టే లెక్క

అలాగని పాక్స్, కై కథలు ఆర్మీ రిక్రూట్‌మెంట్ పోస్టర్లు కావు. ఇష్టాన్ని ఒప్పుకున్న కథే ఆ ఇష్టం ఎటు తీసుకుపోతుందో కూడా అడగగలదు.

కై మొదటిసారి మనుషుల్ని చంపాల్సి వచ్చిన తర్వాత తనలో ఒకటి గమనిస్తుంది. ఆ క్షణంలో తనకు ఒక ఉత్సాహం కలిగింది. అది చూసి తనకే భయమేస్తుంది. నేనేం మనిషిని అనుకుంటుంది. తర్వాతి పుస్తకాల్లోనూ ఆ భయం ఆమెను వదలదు. పగతో చంపే హీరోయిన్‌కు ఈ ప్రశ్న రాదు, ఎందుకంటే పగే ఆమెకు మాఫీ ఇచ్చేస్తుంది.

పాక్స్‌కు ఇంకా పెద్ద దెబ్బ. రెండో పుస్తకం చివరికి ఆమె ధైర్యమే పోతుంది. శత్రువుల చెరలో ఆమె మనసులోకి చేరిన విషాన్ని తీసే వైద్యంలో ఆ ధైర్యం కూడా పోయింది. కత్తి పట్టాలంటే చేతులు వణుకుతాయి, గట్టిగా అరిస్తే ముడుచుకుపోతుంది. ఊరూరా కూలి పని వెతుక్కుంటూ, తిట్లు తింటూ తిరుగుతుంది. ప్రాణంగా ప్రేమించిన పని చేయలేని మనిషిగా బతకడం ఎలాగో అక్కడ నేర్చుకుంటుంది. ఆ తర్వాత తిరిగి లేచిన పాక్స్ మొదటి పుస్తకంలో పారిపోయిన పిల్ల కాదు. భయం అంటే ఏంటో తెలిసిన సైనికురాలు. ఫాంటసీలో నేను చదివిన మంచి పేజీల్లో అవి ముందు వరసలో ఉంటాయి.

ఇక ఆర్.ఎఫ్. క్వాంగ్ 2018లో రాసిన 'ది పాపీ వార్'లో రిన్ ఉంది. అనాథ పిల్ల. పెళ్లి తప్పించుకోవడానికి రాత్రింబవళ్లు చదివి దేశం మొత్తానికి జరిగే పరీక్షలో గెలిచి సైనిక అకాడమీలో చేరుతుంది. పాక్స్‌లాగే మొదలైన కథ. మన ఎంట్రన్స్ కోచింగ్ బ్యాచ్ మొత్తం ఆమెలో తమను తాము చూసుకుంటారు. కానీ పుస్తకం ముగిసేసరికి ఆమె చేతిలోని శక్తి ఒక దీవినీ, అందులోని జనాన్నీ బూడిద చేస్తుంది. రెండు కథల మొదలు ఒకటే, చివర మాత్రం ఒకటి కాదు. కోరిక ఒక్కటే చాలదని, ఆ కోరికను అదుపులో పెట్టే మనుషులూ, నియమాలూ చుట్టూ ఉండాలని ఈ ఇద్దర్నీ పక్కపక్కన చదివితే తెలుస్తుంది. పాక్స్ చుట్టూ తప్పు చేస్తే నిలదీసే సార్జెంట్లున్నారు. రిన్ దగ్గర చివరికి మిగిలింది కోపం.

కాబట్టి హీరోయిన్లను పోల్చేటప్పుడు కత్తి, ఓడ, మంత్రం, లేజర్ చూడకండి. మూడు ప్రశ్నలు వేయండి. తనంతట తాను వెళ్లిందా, తోస్తే వెళ్లిందా? పని నేర్చుకుందా, పాటలో అయిపోయిందా? చేసిన పనికి తనను తాను జవాబు అడుక్కుందా?

ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను ఈ పుస్తకాలు ఇంగ్లీషులోనే, ఎక్కువగా ఫోన్ మీదే చదివాను. ఇంగ్లీషు కాస్త తేలిగ్గా ఉండాలంటే కైతో మొదలుపెట్టండి. ఓపిక ఉంటే పాక్స్. నౌకలు, టెక్నాలజీ ఇష్టమైతే ఆనర్. రిన్ కథలో యుద్ధ హింస చాలా ఘోరంగా ఉంటుంది, గుండె గట్టిదైతేనే ముట్టుకోండి.

మా అక్క బిడ్డ ఫోన్‌లో పాక్స్ మొదటి పుస్తకం ఎక్కించాను. పరీక్ష అయ్యాకే చదువుతానంది, క్రమశిక్షణ అప్పుడే మొదలైనట్టుంది. బావకు మాత్రం నేనే నోటితో కథ చెప్తున్నాను. గొర్రెల కాపరి కూతురు, పందుల వాళ్ల సంబంధం అనేసరికి ఆయన ఆగి "మరి వాళ్ల నాయిన ఒప్పుకున్నడా?" అన్నాడు.

ఒప్పుకోలేదు బావా అన్నాను. కానీ ఆ పిల్ల ఎందుకు పోయిందో మాత్రం ఆయన అడగలేదు. అది అప్పటికే అర్థమైంది.